ఏడో పూత

పడవల యార్డులో ఆయన్ని అందరూ నునుపు మేస్త్రి అంటారు. అసలు పేరు అడిగితే ఆయనే కాసేపు ఆగి గుర్తు తెచ్చుకోవాల్సిన పరిస్థితి. పని అలాంటిది మరి. చేపల పడవ ఏదైనా పాతబడి చేతులు మారిందంటే ఇంజను సంగతి ఒకరు చూస్తారు, అడుగు చెక్కల సంగతి ఇంకొకరు చూస్తారు. లోపలి సంగతి మాత్రం ఈయనదే. కేబిన్ గోడలు, పడుకునే బల్లలు, సామాను అరలు, చక్రం పట్టి పడవ నడిపే సరంగు నిలబడే చోటు, పడవ ఊగినప్పుడు మనిషి పట్టుకునే ప్రతి కమ్మీ. తడి చేతులూ నూనె చేతులూ ఉప్పుగాలీ కలిసి ఏళ్ళ తరబడి పాడుచేసినదాన్ని గీకి, పూడ్చి, రుద్ది, రంగు వేసి, నిన్ననే తయారైనట్టు అప్పజెప్పాలి.

పని అయిందో లేదో ఆయన కళ్ళతో చూసుకోడు. కళ్ళు మూసుకుని, గోడకి అరచెయ్యి ఆనించి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడుస్తాడు. పాత మేకు బొక్క ఎక్కడుండేదో, బీట ఎక్కడ వారిందో చేతికి తెలియకూడదు. తెలిసిందా, మళ్ళీ పుట్టీ, మళ్ళీ ఉప్పు కాగితం. "కళ్ళకేం, వెలుతురు బాగుంటే ఏదైనా బాగానే ఉందంటాయి" అని కొట్టిపారేసేవాడు.

ఇన్నేళ్ళు పడవల్లోనే బతికిన మనిషి కదా, ఎంత సముద్రం చూసి ఉంటాడో అనుకుంటారు తెలియనివాళ్ళు. ఒకే ఒక్కసారి వెళ్ళాడు. పదిహేడేళ్ళప్పుడు అక్క మొగుడు, అంటే బావ, తన పడవలో పనికి పెట్టుకుందామని తీసుకెళ్ళాడు. రేవు గోడ దాటగానే మొదలైన వాంతులు సాయంత్రం మళ్ళీ గట్టెక్కేదాకా ఆగలేదు. పేగులు నోట్లోకి వచ్చాయంటారే, అక్షరాలా అదే. బావ కోప్పడలేదు, నవ్వనూ లేదు. గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, "నీకు పడవ పడుతుందిరా, సముద్రమే పడట్లేదు. పడవ దగ్గరే ఉండు" అన్నాడు. మర్నాడు చెయ్యి పట్టుకుని యార్డుకి తీసుకొచ్చి ఒక ముసలి వడ్రంగికి అప్పగించాడు. ఆ వడ్రంగి ఒక ఉప్పు కాగితం ముక్క చేతిలో పెట్టి, రుద్దమన్నాడు. అప్పట్నుంచీ రుద్దుతూనే ఉన్నాడు. ఇప్పుడు మేస్త్రికి యాభై దాటాయి, బావకి అరవై రెండు.

తల్లీ తండ్రీ పోయిన తమ్ముణ్ణి అక్క పెంచింది. అక్క పెంచిందంటే బావ పెంచినట్టే కదా. ఆ కృతజ్ఞత ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు, వచ్చేదంతా ఎగతాళే. "సున్నం కొట్టేవాడు వచ్చాడు, మంచం మీద గుడ్డ కప్పు, మరకలవుతాయి" అంటాడు బావ. "ఎండుచేప లేచి కూర్చుందే" అంటాడు మేస్త్రి. ఇద్దరికీ కలిపి అక్క నాలుగు చీవాట్లు పెట్టి, భోజనం వడ్డిస్తుంది. ముప్పై అయిదేళ్ళుగా జరుగుతున్నది ఇదే.

ఇక ఈ పడవ సంగతి. దీన్ని ఇరవై రెండేళ్ళుగా నడిపింది బావే. పాత యజమానికి ఓపిక తగ్గి అమ్మేస్తే, రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ నడిపే ఆవిడ కొన్నది. ఐసు మేడమ్ అంటారు ఆవిణ్ణి. మాట కూడా వ్యాపారానికి తగ్గట్టే ఉంటుంది, చల్లగా, సూటిగా. ఎదుటివాళ్ళ పడవలకి ఐసు నింపి నింపి, నాకూ ఒక పడవ ఉంటే ఏం పోయింది అనుకుందట. కొనేటప్పుడే ఒక షరతు పెట్టింది, పాత సరంగే ఉండాలని. "ఈ పడవ నాడి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు" అంది.

మేస్త్రికీ తేల్చి చెప్పింది. "లోపలంతా కొత్తగా ఉండాలి. పద్దెనిమిదో తారీకు పొద్దున బయల్దేరాలి. నలుగురు మనుషుల్ని మాట్లాడేశాను. సరంగు గారితో ఐదుగురు. కేబిన్‌కి లేత నీలం వెయ్యండి."

బావ అప్పుడు అక్కడే ఉన్నాడు, విన్నాడు. రెండు రోజుల తర్వాత ఆవిడ మేస్త్రికి ఫోన్ చేసి, "ఆ నీలం వద్దు, ఫ్యాక్టరీలో రోజూ చూసి విసుగెత్తింది. లేత ఆకుపచ్చ వెయ్యండి" అంది. సరే అన్నాడు మేస్త్రి. ఈ సంగతి బావకి చెప్పాలని ఆయనకి తోచలేదు. ఎందుకు తోస్తుంది, వచ్చి చూస్తే కనపడేదే కదా.

పడవని గట్టు మీదికి లాగి దిమ్మల మీద నిలబెట్టారు. మేస్త్రి నిచ్చెన ఎక్కి కేబిన్ తలుపు తీసేసరికి లోపలి వాసన మొహాన కొట్టింది. డీజిలు, తడిసి ఆరిన దుప్పట్లు, పొగాకు, ఎప్పుడో ఒలికిన టీ. కప్పు చెక్కలు పొగచూరి నల్లబడ్డాయి. నేల మీది రంగు తలుపు దగ్గర్నుంచి చక్రం దాకా కాలిబాటలా అరిగిపోయింది. ఆ బాట చివర, రెండు పాదాల మేర, చెక్కే గుంట పడింది. బావ ఇరవై రెండేళ్ళు నిలబడిన చోటు అది. కదలకుండా నిలబడి పడవకి బొక్క పెట్టాడు మహానుభావుడు అనుకుని మేస్త్రి నవ్వుకున్నాడు.

గీకడం మొదలుపెడితే రంగు కింద రంగు. పైన మురికి తెలుపు, కింద బూడిద, ఇంకా కింద ఎవరో ఒకప్పుడు ముచ్చటపడి వేసిన ఎరుపు. నాలుగు రోజులు గీకాడు. పడుకునే బల్లల అంచులు పుచ్చిపోయిన చోట కోసి కొత్త చెక్క అతికాడు. అరల తలుపులు తేమకి ఉబ్బి పట్టేస్తుంటే ఊడదీసి చిత్రిక పట్టాడు. నేలలో గుంట పూడ్చాడు. మోచేతులు నొప్పులు పుట్టేదాకా రుద్దాడు.

చక్రం ముందున్న బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. ఎక్కడ పడితే అక్కడ కత్తిగాట్లు. వేగం పెంచే కడ్డీ పక్కన చెక్క మీద మూడు గాట్లు, ఒకటి గోరు పట్టేంత, ఒకటి ఇంకాస్త, ఒకటి వేలు పట్టేంత. స్విచ్చుల వరస కింద సగం సగం దిగ్గొట్టిన మేకులు. లైటు స్విచ్చు కింద ఒకటి, నీళ్ళు తోడే పంపు స్విచ్చు కింద రెండు, హారను కింద మూడు. చక్రం పై పిడికి నైలాను తాడు ముడి మీద ముడి వేసి గుప్పెడంత చేసి పెట్టాడు. తలుపు చట్రానికి భుజమెత్తులో ఇంకో గాటు.

పనీపాటా లేని మనిషి అని బావని తిట్టుకున్నాడు మేస్త్రి. వల నిండేదాకా ఊరికే నిలబడాలి కదా, చేతిలో కత్తి ఉంటే ఊరుకుంటాడా. మేకులు పీకాడు. తాడు కోసేశాడు. గాట్లలో పుట్టీ నింపబోతుంటే ఒక సంగతి కంటబడింది. ముప్పయ్యేళ్ళ పడవలో పాత గాటు ఉంటే లోపల చెక్క నల్లగా ఉండాలి. ఇవి తెల్లగా ఉన్నాయి. ఏడాదో, మహా అయితే ఏడాదిన్నరో. ఇరవయ్యేళ్ళుగా లేని అలవాటు ఇప్పుడెందుకు పుట్టిందో అనుకుంటూనే పుట్టీ నొక్కాడు, బద్దతో లాగేశాడు, ఆరాక రుద్దేశాడు. చెక్క చెబుతూనే ఉంది పాపం. ఈయనే వినిపించుకోలేదు. నునుపు పిచ్చి అలాంటిది.

మీద మూడు పూతలు ఆకుపచ్చ. పదహారో తారీకు పొద్దున కళ్ళు మూసుకుని కేబిన్ చుట్టూ అరచేత్తో తిరిగాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. తృప్తిగా ఊపిరి వదిలి, బావకి కబురు పెట్టాడు.

బావ నిచ్చెన చకచకా ఎక్కి వచ్చాడు. కేబిన్ మధ్యలో నిలబడి గుండెల నిండా వార్నిషు వాసన పీల్చాడు.

"ఆస్పత్రిలా చేశావురా. నీలం బాగా కుదిరింది."

మేస్త్రి ఎగతాళి అనుకున్నాడు. "నీలమా?"

"ఆవిడ చెప్పినప్పుడే అనుకున్నా, లేత నీలమైతే లోపల వెలుతురుగా ఉంటుందని. బాగుంది. సున్నం కొట్టేవాడికి కూడా చెయ్యి తిరిగింది మొత్తానికి."

ఎగతాళి సున్నం దగ్గరే ఉంది కానీ నీలం దగ్గర లేదు. బావ చక్రం దగ్గరికి వెళ్ళాడు. కుడిచెయ్యి కడ్డీ మీదికి వెళ్ళింది, బొటనవేలు పక్క చెక్క మీదికి జారింది. పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. ఎడమచెయ్యి చక్రం పైన ఒక్కో పిడినీ పట్టి చూసింది. తర్వాత రెండు చేతులూ స్విచ్చుల కిందికి వెళ్ళాయి. నున్నటి చెక్క మీద ఆ వేళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటే మేస్త్రికి చూడబుద్ధి కాలేదు.

"ఇక్కడ మేకులుండాలే" అన్నాడు బావ నెమ్మదిగా.

"పీకేశాను బావా."

"గాట్లు?"

"పూడ్చేశాను."

బావ ఇటు తిరిగాడు. తిరిగాడు గానీ మేస్త్రి మొహంకేసి చూడలేదు, చెవి పక్కగా ఎటో చూశాడు. కొన్నాళ్ళుగా ఆయన అలాగే మాట్లాడుతున్నాడు. బావ నా మొహం చూసి మాట్లాడట్లేదు, నా మీదేమైనా కోపమా అని మేస్త్రి ఒకసారి అక్కని అడిగాడు కూడా. అక్క ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"ఊఁ" అన్నాడు బావ. నిచ్చెన వైపు తిరిగాడు. ఎక్కేటప్పుడు చకచకా ఎక్కిన మనిషి, దిగేటప్పుడు ప్రతి మెట్టూ కాలితో వెతుక్కుని దిగాడు.

మేస్త్రి కొత్త బల్ల మీద కూలబడ్డాడు. గాట్లు ఎందుకు తెల్లగా ఉన్నాయో ఇప్పుడు తెలిసింది. ఆ మనిషి కళ్ళు పోతుంటే చెక్క మీద వేరే కళ్ళు చెక్కుకున్నాడు. వాటిని ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని, పుట్టీ పెట్టి పూడ్చింది తనే. పైగా ఎక్కడా తగలట్లేదని మురిసిపోయాడు కూడా. తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టింది.

మర్నాడు యార్డులో పని మొదలవకముందే బావ మళ్ళీ వచ్చాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీ గాట్లు పెట్టు. ఎక్కడెక్కడో నేను చెప్తాను."

"ఎన్నాళ్ళయింది బావా?"

"ఏది?"

"ఇది నీలం కాదు. ఆకుపచ్చ."

బావ వచ్చి మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

"ఏడాదిన్నర. మధ్యలో మచ్చ. ఎటు చూస్తే అటు మచ్చ వస్తుంది. పక్కలు కనపడతాయి. ఇప్పుడు నీకు చెవులున్నాయి, మొహం లేదు. ఒకందుకు హాయిగానే ఉందనుకో."

"డాక్టరు ఏమన్నాడు?"

"వెనక పొర అరిగిపోయిందట. ఆపరేషన్‌కి లొంగేది కాదట, ఇంకా తగ్గుతుందట. అరిగినదానికి పుట్టీ పెట్టే మేస్త్రి అక్కడెవడూ లేడు."

"మరి పడవ ఎలా నడుపుతున్నావు?"

"దిక్సూచి ఎంత చూపిస్తోందిరా అని పక్కవాణ్ణి అడుగుతా. పని నేర్పుతున్నాననుకుంటారు. పాపం, శ్రద్ధగా చెప్తారు. నీళ్ళ సంగతి కాళ్ళకే తెలుస్తుంది. మిగతాదంతా గాట్లు."

"ఎదురుగా ఏదైనా వస్తే?"

బావ గోడ వైపు తిరిగాడు. "రెండు నెలల కిందట ఒక చిన్న పడవ. ఇద్దరు వల లాక్కుంటున్నారు. అరిచారు. అరుపు విని తిప్పాను."

"అరవకపోతే?"

"అరిచారుగా."

"మేడమ్‌కి చెప్పేద్దాం బావా. ఇంకో సరంగుని చూసుకుంటుంది."

"చెప్పి నేనేం చెయ్యను? గట్టు మీద కూర్చుని వల బాగుచెయ్యాలన్నా కళ్ళు కావాలి. నలభై రెండేళ్ళురా. చక్రం దగ్గర నిలబడకపోతే నేనెవర్ని?" అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "మీ అక్కకి తెలియదు, చెప్పకు. గాట్లు పెట్టు. నువ్వు పెట్టకపోతే నేనే పెట్టుకుంటా, రంగు పాడైందని నన్ననకు."

గాట్లు పెడితే ఐదుగురు సముద్రం మీదికి వెళ్తారు. అందులో నలుగురికి తాము ఎవరి కళ్ళని నమ్ముకుని వెళ్తున్నారో తెలియదు. చెబితే తనకి బతుకు చూపించిన మనిషిని తన నోటితో చక్రం దగ్గర్నుంచి లాగేసినట్టు. మేస్త్రికి ఏదీ పాలుపోలేదు. అప్పుడు నోటికొచ్చిన మాట ఇది:

"ఇప్పుడు కోస్తే రంగు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోతుంది. ఇంకో పూత వెయ్యాలి. ఆరాక చూద్దాం."

అబద్ధం. రంగు రాయిలా గట్టిపడి ఉంది. పని విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. బావ కత్తి జేబులో పెట్టుకుని, సరే అని దిగిపోయాడు. మేస్త్రి ఆ మధ్యాహ్నం నాలుగో పూత వేశాడు.

పద్దెనిమిదో తారీకు వచ్చింది, వెళ్ళింది. పడవ దిమ్మల మీదే ఉంది. పంతొమ్మిదిన ఐదో పూత పడింది. నునుపు మేస్త్రి మాట తప్పాడన్న వార్త యార్డంతా పాకింది. పక్క పడవకి వెల్డింగు చేసే ఆయన పనాపేసి మరీ వచ్చి తలుపులోంచి తొంగి చూశాడు.

"మేస్త్రీ, ఇంకో నాలుగు పూతలు వేస్తే గోడలు దగ్గరికొచ్చేస్తాయి. లోపల మనిషి పట్టడు."

"పట్టకపోతే నీకెందుకు, నువ్వెక్కుతావా?"

"రంగు మీద మోజు పడ్డావో, మేడమ్ మీద కోపం వచ్చిందో తెలియక అడుగుతున్నా."

మేస్త్రి అటు తిరిగి తన పని చూసుకున్నాడు. ఆయనకి మాటకి మాట అప్పజెప్పడం చేతకాక కాదు. పూత తడిగా ఉండగానే మేడమ్ వచ్చేస్తుందని భయం, ఆరిపోయాక వస్తుందేమోనని ఇంకా భయం. అనుకున్నంతా అయింది, ఆవిడ అప్పుడే వచ్చింది. అదృష్టం, రంగు ఇంకా వేలికి అంటుతోంది.

"మీరు మాట తప్పరని పదిమంది చెబితే మీకిచ్చాను" అంది.

"గాల్లో తేమ ఎక్కువగా ఉందమ్మా. రంగు పట్టట్లేదు."

"నలుగురు మనుషులు పని లేకుండా కూర్చున్నారు. సరంగు గారు మిమ్మల్ని ఏమీ అడగట్లేదా?"

"ఆయనే చెప్తారమ్మా" అన్నాడు మేస్త్రి, తల దించుకుని.

ఆవిడ కాసేపు ఆయన్ని చూసి, "ఇంకో పడవ కొంటే మీ దగ్గరికి రాను" అని చెప్పి దిగిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ముప్పై అయిదేళ్ళలో ఎవరూ ఆయన్ని అంత మాట అనలేదు. బ్రష్షు థిన్నర్‌లో వేసి కడుగుతుంటే కళ్ళు చెమర్చాయి. థిన్నర్ ఘాటు అనుకుందాం.

ఎందుకు చేస్తున్నాడు ఇదంతా? ఆయనకీ సరిగ్గా తెలియదు. ఒక్కో పూతకీ రెండేసి రోజులు దొరుకుతాయి. ఆ రెండు రోజుల్లో బావ తనంతట తను నోరు విప్పుతాడేమోనని ఆశ. బావ రోజూ వస్తున్నాడు, నిచ్చెన కింద నిలబడి "ఆరిందా" అంటున్నాడు. "ఇంకా లేదు" అంటే వెళ్ళిపోతున్నాడు. అంతే.

ఇరవై ఒకటిన ఆరో పూత వేసి కిందికి దిగేసరికి అక్క భోజనం క్యారేజీతో నిలబడి ఉంది. అక్క యార్డుకి రావడం అరుదు.

"ఎన్నో పూతరా?" అంది.

"ఆరు."

"నీకు తెలిసిందన్నమాట."

మేస్త్రి బిత్తరపోయి చూశాడు. "నీకు తెలుసా అక్కా?"

"ఏడాది నుంచీ ఇంట్లో ఒక్క గిన్నె చోటు మార్చలేదు నేను. కుర్చీ జరిపితే మళ్ళీ ఉన్నచోటే పెడతాను. నాకు తెలియదని ఆయన అనుకుంటున్నారు, అనుకోనీలే అని ఊరుకున్నా. కాపురంలో ఆ మాత్రం నటన ఉండాలి."

"మరి నువ్వే చెప్పొచ్చుగా మేడమ్‌కి."

"నేను చెబితే ఆయన్ని ఇంట్లో కూలేసింది పెళ్ళామవుతుంది. నువ్వు చెబితే బావమరిది అవుతాడు. ఆయనంతట ఆయన దిగితే అలా ఉండదు, సరంగుగానే దిగుతారు."

"దిగకపోతే?"

అక్క క్యారేజీ ఆయన చేతికిచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పుడు నేనే వెళ్ళి చెప్తా. జన్మంతా నాతో మాట్లాడకపోయినా సరే. ఆ నలుగురికీ ఇంట్లో నాలాంటిది ఒకతె ఉంటుంది కదరా" అంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "నీ గోడకి ఇంకెన్ని పూతలు పడతాయి?"

"ఒకటో, రెండో."

"అయితే అన్ని రోజులే ఆగుతా" అని వెళ్ళిపోయింది.

ఇరవై మూడున ఏడో పూత పడింది. అప్పటికి కేబిన్ మూలలన్నీ గుండ్రంగా అయిపోయాయి. అరల తలుపులు మందం ఎక్కి మళ్ళీ పట్టేయడం మొదలుపెట్టాయి. చేసిన పని తన చేత్తోనే చెడుతోందని మేస్త్రికి తెలుస్తూనే ఉంది. మేడమ్ నుంచి కబురొచ్చింది, ఇరవై ఐదున పడవ నీళ్ళలోకి దింపాల్సిందే, రంగు తడిగా ఉంటే తడిగానే దింపండి అని.

ఇరవై నాలుగు పొద్దున మేస్త్రి ఎనిమిదో పూతకి డబ్బా మూత తీసి రంగు కలుపుతున్నాడు. బావ ఈసారి కింద ఆగలేదు. నిచ్చెన ఎక్కి నేరుగా లోపలికి వచ్చాడు. ఏమీ అడక్కుండా గోడకి అరచెయ్యి ఆనించాడు. అలాగే ఆనించి తలుపు దగ్గర్నుంచి చక్రం దాకా నడిచాడు. మేస్త్రి ఆపలేదు.

"ఇది నిన్ననే ఆరిపోయింది" అన్నాడు బావ.

"అవును."

"మొన్నటిది కూడా ఆరే ఉంటుంది."

"ఆరింది బావా."

"మామూలుగా ఎన్ని పూతలు వేస్తావు?"

"మూడు."

"ఇప్పటికి ఎన్నయ్యాయి?"

"ఏడు."

బావ చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. "యార్డంతా నిన్ను చూసి నవ్వుతున్నారట."

"నవ్వుతున్నారు."

"మేడమ్ ఇక పని ఇవ్వనందట."

"అంది."

"నాకు తెలియకుండా నా వెనక ఎవరితోనైనా చెప్పి ఉండొచ్చుగా. ఇంత అవస్థ దేనికి?"

"నీ వెనక చెప్పలేను బావా" అన్నాడు మేస్త్రి. "గాట్లూ పెట్టలేను. ఇదొక్కటే చేతనవుతుంది నాకు."

"ఇంకెన్ని వేద్దామని?"

"నువ్వు చెప్పేదాకా."

బావ చక్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులా పట్టుకుని ఎడమకి పూర్తిగా తిప్పాడు, తర్వాత కుడికి పూర్తిగా తిప్పాడు. కింద చుక్కాని గాల్లో కిర్రుమంటూ తిరిగింది. చాలాసేపు నిలబడ్డాడు అక్కడ. మేస్త్రి రంగు డబ్బాకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ డబ్బాలో రంగు మీద సన్నగా పొర కట్టింది.

"చెయ్యివ్వు" అన్నాడు బావ.

మేస్త్రి లేచి చెయ్యిచ్చాడు. బావ ఆ మోచెయ్యి పైన గట్టిగా పట్టుకున్నాడు. నిచ్చెన దగ్గర "మెట్టు చెప్పు" అన్నాడు. మేస్త్రి ముందు దిగుతూ ఒక్కో మెట్టూ చెప్పాడు. పదకొండు మెట్లు. ఆ తర్వాత ఇద్దరూ యార్డు నడిమధ్యలోంచి నడిచారు, పట్టపగలు, అందరూ పనుల్లో ఉన్న వేళ. వెల్డింగు ఆయన ఏదో అనబోయి, సరంగు చెయ్యి ఎక్కడుందో చూసి, మొహానికి అడ్డం పెట్టుకున్న అద్దం పైకెత్తి ఊరుకున్నాడు. తాళ్ళు అడ్డం వచ్చిన చోట మేస్త్రి "కాలెత్తు" అన్నాడు. బావ కాలెత్తాడు. ఇంతకు ముందయితే ఈ పాటికి నాలుగు ఎగతాళి మాటలు పడేవి.

ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు చిన్న గది. మేడమ్ బల్ల వెనక ఉంది. ఎప్పుడు బయల్దేరతామో కనుక్కుందామని ఆ నలుగురూ కూడా వచ్చి గోడవారగా నిలబడి ఉన్నారు. సరంగుని చూసి వాళ్ళు సర్దుకున్నారు. వాళ్ళలో ఒకడు నమస్కారం పెట్టాడు, బావ దానికి బదులివ్వలేదు.

"రంగు ఆరిందా సరంగు గారూ?" అంది మేడమ్.

"ఆరి చాలా రోజులైందమ్మా. మావాడు ఆగింది రంగు కోసం కాదు, నా కోసం" అన్నాడు బావ. "నాకు కళ్ళు కనపడట్లేదు. ఏడాదిన్నరగా దాచాను. ఈ గదిలో ఎవరున్నారో కూడా నాకు తెలియదు. నా పడవలో రావాల్సిన వాళ్ళుంటే వినండి, నేను మిమ్మల్ని తీసుకెళ్ళకూడదు."

గోడ అవతల ఐసు కొట్టే మిషను చప్పుడు ఒక్కటే వినపడుతోంది. నమస్కారం పెట్టినవాడు చేతులు దించుకుని పక్కవాడి మొహం చూశాడు. మేడమ్ లేచి నిలబడింది. ఏదో అనబోయి, అది కాకుండా ఇంకో మాట అంది.

"ముందు కూర్చోండి. మీ ముందే కుర్చీ ఉంది."

మేస్త్రి కుర్చీ జరపబోయాడు. బావ ఆయన చెయ్యి వదిలేశాడు. అందరూ చూస్తుండగా రెండు చేతులూ ముందుకి చాపి, గాల్లో తడుముకుంటూ, కుర్చీ వీపు దొరికించుకుని, నెమ్మదిగా కూర్చున్నాడు.